దండెం మీద పచ్చబట్ట

బర్మాలో ఆడవాళ్ళు నడుముకు చుట్టుకునే బట్టను థమైన్ అంటారు. మన లుంగీ లాంటిదే. దాని కింద నుంచి మగవాడు నడిస్తే వాడి బలం పోతుందని అక్కడి మగవాళ్ళ నమ్మకం. చదువుకున్నవాడికీ ఉంది, చదువులేనివాడికీ ఉంది, తుపాకీ పట్టుకున్నవాడికి మరీ ఉంది. ఆడదాని తల పగలగొట్టడానికి వెనకాడని సిపాయి, ఆడదాని తడిబట్ట కింద నుంచి నడవమంటే మాత్రం కాలు ఎత్తడు.

సత్యశ్రీకి ఈ సంగతి తెలుసు. తెలియక చేసిందని తర్వాత ఆమె మొగుడు పదిమందికి చెప్పుకున్నాడు గానీ అది అబద్ధం. తెలుసు. ఆ పూట మరిచిపోయింది. మరిచిపోవడం వరకు ఎవరైనా క్షమిస్తారు. ఈ కథ మరిచిపోయిన దాని గురించి కాదు, తర్వాత గుర్తొచ్చి ఆమె చేసిన దాని గురించి.

మొగుడు ఢిల్లేశ్వరరావు లెక్కల మేష్టరు. శ్రీకాకుళంలో కాలేజీకి సెలవు పెట్టి, రెండేళ్ళ ఒప్పందం మీద యాంగాన్‌లో ఒక ప్రైవేటు బడికి వచ్చాడు. పెళ్ళాన్నీ, ఏడేళ్ళ కూతురు సిరినీ వెంట తెచ్చుకున్నాడు. తమ ఊళ్ళో ముసలివాళ్ళు యాంగాన్‌ను ఇప్పటికీ రంగం అనే అంటారు. రంగం వెళ్ళినవాడు తిరిగొస్తాడా అని భయపెట్టారు. వీళ్ళకు కరెంటు, ఫ్రిజ్జు, మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు, వరండాలోంచి చూస్తే సేక్కాన్ రేవు క్రేన్ల కొసలు. భయపడాల్సిందేమీ కనపడలేదు. మొదటి ఏడాది ఊరు చూశారు. రెండో ఏడాది కరోనా భయంతో గోడలు చూశారు. ఒప్పందం ముగియవస్తుండగా, ఫిబ్రవరిలో సైన్యం దేశాన్ని మింగింది.

సత్యశ్రీకి ఆ ఊళ్ళో బతకడం నేర్పింది పక్క వాటా ఆలిస్. ఆలిస్ తాత తండ్రి ఏనాడో టెక్కలి వైపు నుంచి ఓడెక్కి వచ్చి రేవులో మూటలు మోశాడు. ఈమె బర్మా సర్కారు బడిలో టీచరు. ఆదివారం తెలుగు బాప్తిస్టు చర్చిలో పాటలు పాడుతుంది. ఏ చేప ముల్లు తక్కువ, తాగే నీళ్ళ డబ్బా ఎవడి దగ్గర కొనాలి, చిన్నపిల్లల తల మీద ఎందుకు చెయ్యి వేయకూడదు, ఇవన్నీ ఆమె చెప్పింది. సిరికి బర్మా అక్షరాలు దిద్దించింది. సిరి ఆమెను సయామా అని పిలిచేది. అంటే టీచరమ్మ.

మార్చిలో వీధి కుర్రాళ్ళు ఆ మేడ నుంచి ఈ మేడకు తాళ్ళు కట్టి థమైన్లు వేలాడదీశారు. సైనికుల లారీ వీధి మొదట్లో ఆగిపోయింది. ఒకడు లారీ కప్పు ఎక్కి కర్రతో ఒక్కొక్కటే లాక్కుంటుంటే, ఆలోగా కుర్రాళ్ళు వెనక సందుల్లోంచి పారిపోయారు. వరండాలోంచి అదంతా చూసి సత్యశ్రీ అమ్మకు ఫోన్ చేసి నవ్వింది. "తుపాకులున్నాయి గానీ లంగాలకి భయం అమ్మా వీళ్ళకి," అంది. పక్కన ఆలిస్ నవ్వలేదు.

"నవ్వుకో సెల్లీ," అంది. "ఆ లంగాలే మాకున్న గోడ."

ఆలిస్ ఫిబ్రవరి నుంచి సమ్మెలో ఉంది. సైనికుల కింద పాఠం చెప్పనని సంతకం పెట్టిన వేలమంది టీచర్లలో ఒకతె. మే నెలలో టీవీలో రాత్రి ఎనిమిదింటికి చదివే వారెంట్ల జాబితాలో ఆమె ఫోటో వచ్చింది. అప్పటికే ఇల్లు వదిలేసింది. మొగుడు ఆర్థర్ నది దాటి దలాలో తన అక్క దగ్గర దాక్కున్నాడు.

జూన్ ఒకటిన బళ్ళు తెరిచారు. ఆ పొద్దున తెల్ల జాకెట్టు, పచ్చ థమైన్ వేసుకుని ఆలిస్ వీళ్ళ తలుపు కొట్టింది. అది సర్కారు టీచర్ల బట్ట. వీధిలో సైనికులు అందరినీ ఆపుతున్నారు, పచ్చ థమైన్ వాళ్ళను మాత్రం పోనిస్తున్నారు. బడికి పోయేవాళ్ళు కదా, మంచివాళ్ళు. బడికి పోనని మొండికేసిన మనిషి ఆ బట్టే చుట్టుకుని వాళ్ళ ముందు నుంచి నడిచొచ్చింది.

"మూడు రోజులు సెల్లీ. గురువారం రెండింటికి ఆర్థర్ రేవు పక్కకి పడవ తెస్తాడు. కూరల బుట్టల్లో బుట్టనై ఎల్లిపోతాను. మీరు పైదేశపోళ్ళు, మీ ఇంట్లో ఎతకరు."

సత్యశ్రీ మొగుడి వంక చూసింది. ఢిల్లేశ్వరరావు కళ్ళజోడు తుడుచుకున్నాడు. అతను పెద్ద పిరికివాడేమీ కాదు, చెడ్డవాడూ కాదు. ఎక్కడ ఏ గీత ఉంటే దానికి ఇవతల నిలబడే మనిషి.

"రాత్రి ఇంట్లో పడుకునే బయటివాళ్ళ పేర్లు వార్డు ఆఫీసులో రాయించాలట కదా అక్కా."

"రాయిస్తే నన్ను తిన్నగా ఇన్సేన్ జైలుకి పంపినట్టే బాబూ."

"పద్నాలుగున మాకు ఫ్లైటు. వార్డు ఆఫీసరు సంతకం లేకపోతే ఎక్కనివ్వరు."

"నాను పోయాకే కదా మీ ఫ్లైటు."

సిరి వచ్చి సయామా నడుము చుట్టూ చేతులేసింది. దాంతో ఆ మాట అక్కడ ఆగిపోయింది. సత్యశ్రీ తన నైటీ ఒకటి ఇచ్చింది. ఆలిస్ దాన్ని తొడుక్కుని, "ఏటిది, పెళ్ళివారి షామియానాలాగున్నాది," అంది. ఆ ఇంట్లో రెండు నెలల తర్వాత నవ్వు వినిపించింది.

మూడు రోజులు వాన. ఆలిస్ కిటికీల దగ్గరికి వెళ్ళలేదు, గట్టిగా దగ్గలేదు, పగలు సిరి మంచం మీద పడుకుంది, రాత్రి నిద్రపోలేదు. వడ్డించిన ప్రతిసారీ "సాలు" అంది. తనకని వేరే వండొద్దంది.

గురువారం పొద్దున ఎండ కాసింది. తొమ్మిది రోజుల తర్వాత వచ్చిన ఎండ. ఇంట్లో బట్టలన్నీ తడి కంపు కొడుతున్నాయి. ఢిల్లేశ్వరరావు కాగితాలు ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని సంతకం కోసం వార్డు ఆఫీసుకు వెళ్ళాడు. ఆలిస్ మూడు రోజుల్లో మొదటిసారి ఒళ్ళు తెలియకుండా నిద్రపోతోంది. సత్యశ్రీ బట్టలు ఉతకడానికి కూర్చుంది. మూలన ఆలిస్ విడిచిన జత కనపడింది. ఇంటికొచ్చిన ఆడపిల్లను మాసిన బట్టలతో పంపడం ఆమె పుట్టింట్లో గానీ మెట్టినింట్లో గానీ లేదు. బాగా ఉతికి, గంజి కూడా పెట్టి, వెనక వైపు ఎండ రాదు గనక వీధి వైపు వరండా దండెం మీద ఆరేసింది. శ్రీకాకుళంలో చీర ఆరేసినట్టు, నిండా పరిచి, నాలుగు క్లిప్పులు పెట్టి, కొస కిందికి వేలాడేట్టు.

అక్కడి ఆడవాళ్ళు ఆ బట్ట వెనక ఆరేసుకుంటారు, నడుము ఎత్తు దాటనివ్వరు. ఆలిస్ వచ్చిన కొత్తలోనే చెప్పింది. చెప్పానుగా, మరిచిపోయింది. మేడ గుమ్మం సరిగ్గా ఆ దండెం కింద ఉంది.

పదిన్నరకు ఫోన్ మోగింది. మొగుడు.

"వరండాలో ఏటి ఆరేశావు?" గొంతు చాలా తగ్గించి అడిగాడు.

"బట్టలు."

"పచ్చది ఏదో ఉందట. తియ్యి. సైనికులు మన వీధిలో ఆగిపోయారట. ఆఫీసరుకి ఫోన్ చేశారు. ఆయన నా ముందే కూర్చున్నాడు."

సత్యశ్రీ కర్టెన్ పక్కకు జరిపి చూసింది. రోజూ పొద్దుటి పూట వీధి తిరిగే ఆరుగురూ మేడకు ఇరవై అడుగుల దూరంలో నిలబడి, తలలెత్తి చూస్తున్నారు. ఒకడి చేతిలో వెదురుగడ. అది మొదటి అంతస్తు వరకు కూడా అందదు. వీధిలో కొట్లవాళ్ళు పని ఆపి చూస్తున్నారు. నాయకుడు గుమ్మం వైపు రెండడుగులు వేశాడు, దండెం వంక చూశాడు, వెనక్కి తగ్గాడు. టీ కొట్టు దగ్గర ఎవరో నవ్వారు. వాడు అటు తిరిగాడు. నవ్వు ఆగిపోయింది.

వెనక నుంచి ఆలిస్ చెయ్యి ఆమె భుజం మీద పడింది. నిద్రలోంచి లేచిన ముఖం. ఒక్క చూపులో అంతా అర్థమైంది. తిట్టలేదు.

"తీయకు సెల్లీ," అంది. "అది ఉన్నంతసేపూ ఆళ్ళు గుమ్మం తొక్కరు. తీస్తే ఎవరు కట్టారో ఎతకడానికి లోపలికొస్తారు. పరువు కోసం నిచ్చెన తెప్పిస్తారు, ఏటో సేస్తారు, పది నిమిషాలు పడతాది. కింద చిన్నతల్లి ఇంటి ఎనక కటకటాలున్నాయి. అటు సందులోకి పోతాను. పది నిమిషాలు ఒగ్గీ, అంతే."

"ఆయన ఆఫీసులో ఉన్నారు అక్కా."

"తెలుసు. తడిబట్ట ఆరేసుకున్నందుకు పైదేశపోళ్ళని సంపరు. తిడతారు. బాబుని ఓ పూట కూకోబెడతారు. నన్నయితే ఒగ్గరు."

సిరి నుదుటి మీద ముద్దు పెట్టి, నైటీ మీదే సత్యశ్రీ చున్నీ కప్పుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగిపోయింది.

చిన్నతల్లి అరవయ్యేళ్ళ మనిషి. కింది వాటాలో మొహింగా వండి అమ్ముతుంది. చేపల పులుసులో సేమ్యా వేసుకుని తినే అక్కడి పొద్దుటి తిండి అది. వాళ్ళ తాతలదీ టెక్కలి వైపే. ఆమె ఇంటి వెనక కటకటాలకు ఎప్పటిదో తాళం, తాళానికి అడ్డంగా నూనె డబ్బాలు, బొగ్గు బస్తాలు. సత్యశ్రీకి మూడో అంతస్తు నుంచి ఆ డబ్బాలు ఈడ్చే చప్పుడు వినపడింది. చిన్నతల్లి గొంతూ వినపడింది.

"ఈ బస్తా నీ అంత బరువున్నాది ఆలిసూ. అటు పట్టు."

రెండు నిమిషాలు గడిచాయి. ఫోన్ మళ్ళీ మోగింది.

"తీశావా?"

"ఒక్క పది నిమిషాలు ఆగమంది ఆలిస్ అక్క."

"ఆమె పేరెత్తకు ఫోన్లో. విను సత్యా. ఆఫీసరు పెన్ను మూత పెట్టీశాడు. ఇద్దరివి సంతకం పెట్టాడు, సిరిది పెట్టలేదు. సిరి కాగితం చేత్తో పట్టుకుని కూచున్నాడు. నువ్వు నీ చేత్తో ఇప్పుడే తీస్తే తెలియక చేసినట్టు రాసుకుంటానంటున్నాడు. ఆళ్ళ చేత తీయిస్తే కావాలని చేసినట్టట. వింటున్నావా?"

"వింటున్నాను."

"నాకు తెలీదు మరి. నీ ఇష్టం."

ఇలాంటి మొగుడికి ఈ మాట బాగా వచ్చు. చెయ్యమని చెప్పడు. చెయ్యకపోతే ఏమవుతుందో చెప్పి, నీ ఇష్టం అంటాడు. రేపు చెయ్యి కడుక్కోవడానికి నీళ్ళు ముందే పట్టి ఉంచుకుంటాడు.

సత్యశ్రీ ఫోన్ పెట్టేసింది. కిందినుంచి డబ్బాల చప్పుడు ఇంకా వస్తోంది. అది ముఖ్యం. ఆలిస్ ఈపాటికి వెళ్ళిపోయి ఉంటుందని అనుకోవడానికి ఆమెకు వీల్లేదు. చప్పుడు వస్తున్నంతసేపూ ఆలిస్ లోపలే ఉన్నట్టు. ఆమెకు తెలుసు. సిరి కాగితం గుర్తొచ్చింది, విమానం గుర్తొచ్చింది, వీధిలో అందరూ తన వరండానే చూస్తున్నారన్న సిగ్గు కూడా గుర్తొచ్చింది. ఆ సిగ్గు ఎంత పని చేసిందో ఆమె ఎవరికీ చెప్పలేదు.

"అమ్మా, తీయొద్దంది సయామా," అంది సిరి.

"నువ్వు లోపలికి పో."

"పది నిమిషాలు కాలేదమ్మా. గడియారం చూస్తున్నాను. నాలుగే అయ్యింది."

సత్యశ్రీ వరండాలోకి వెళ్ళింది. ఒక క్లిప్పు తీసింది. రెండోది తీసింది. మూడోది. కింద ఆరుగురూ తలలెత్తి చూస్తున్నారు. నాలుగో క్లిప్పు తుప్పు పట్టి బిగుసుకుంది, రెండు చేతులా లాగి తీసింది. బట్ట ఇంకా పచ్చిగానే ఉంది. లోపలికి తెచ్చి మంచం మీద పెట్టి మడత పెట్టింది. అంచుకు అంచు కలిపి, అరచేత్తో ముడతలు తీసి మరీ మడత పెట్టింది.

బూట్లు గుమ్మం దాటడం వినపడింది. పైకి రాలేదు. పైకి రావాల్సిన అవసరం పడలేదు. మెట్ల కింద నడవాలోంచి సూటిగా చూస్తే చిన్నతల్లి వంటిల్లు, దాని వెనక కటకటాలు, తాళంలో తాళంచెవి, పక్కన చున్నీ కప్పుకున్న ఆడమనిషి.

డబ్బాలు దొర్లాయి. చిన్నతల్లి ఒక కేక పెట్టింది. తాళంచెవి మీద ఉన్న ఆమె కుడిచేతిని తుపాకీ మడమతో కొట్టారు. రెండోసారి కొట్టినప్పుడు కేక రాలేదు. ఆలిస్‌ను జుట్టు పట్టుకుని నడవాలో ఈడ్చుకొచ్చారు. ఎక్కడ దాక్కున్నావని ఇంటి ముందే అడిగారు, అడిగిన ప్రతిసారీ కొట్టారు. సిరి వరండా కమ్ముల్లోంచి చూస్తోంది. సత్యశ్రీ గదిలో నిలబడి వింటోంది. ఎవరింట్లోనూ లేననీ, వీధిలోంచి ఇప్పుడే పరిగెత్తుకొచ్చాననీ ఆలిస్ బర్మాలో చెప్పింది. కాళ్ళకు చెప్పుల్లేవు, ఒంటి మీద మూడు రోజుల ఇంటి నైటీ. సైనికులు నమ్మారో లేదో, వారెంటు ఉన్న మనిషి దొరికింది, వాళ్ళకు అది చాలు. లారీ తెప్పించి అందులో పడేశారు. పై అంతస్తు వైపు ఆమె ఒక్కసారి కూడా తల ఎత్తలేదు. ఎత్తితే వాళ్ళు కూడా చూస్తారని.

పన్నెండింటికి ఢిల్లేశ్వరరావు వచ్చాడు. మూడు కాగితాలూ బల్ల మీద పరిచి ముద్రలు సరిచూసుకున్నాడు.

"పైకి ఎవరూ రాలేదు కదా?"

"రాలేదు."

"మంచిది. చాలా మంచిది." కాగితాలు మళ్ళీ సంచిలో పెట్టి, "పాపం," అన్నాడు. ఎవరి గురించో చెప్పలేదు. అన్నం పెట్టమన్నాడు.

మూడు రోజులు వాళ్ళు గడప దాటలేదు. ఆదివారం మధ్యాహ్నం ఆర్థర్ వచ్చాడు. గడ్డం పెరిగి, తలకు కూరలమ్మేవాడి తుండుగుడ్డ చుట్టుకుని, చేతిలో ఎండుచేపల పొట్లంతో. గురువారం రెండింటి నుంచి చీకటి పడేదాకా రేవు పక్క బురదలో పడవ పట్టుకుని కూర్చున్నాడట. ఇక్కడికి రావడం అతనికి ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

"మూడు రోజులు ఇంట్లో ఎట్టుకున్నారమ్మా," అన్నాడు సత్యశ్రీతో. "మా సొంతోళ్ళే తలుపు తీయనేదు. ఈ చేపలు మా అక్క పంపింది. ఇంకేటీ నేదు మా దగ్గిర."

సత్యశ్రీ పొట్లం అందుకుంది. అందుకోకుండా ఉండాల్సింది.

"ఎలాగ దొరికీసింది? వీధిలో ఆగి అడగడానికి నాకు దారి నేదు. ఇన్సేన్ గేటు కాడ ఏటీ సెప్పరు."

ఢిల్లేశ్వరరావు గొంతు సవరించుకున్నాడు. "థమైన్ ఒకటి ఆరేసి ఉంది వరండాలో. తెలియక. సైనికులు వచ్చి లాగేశారు. లాగేసి లోపలికి వచ్చారు. ఆమె అప్పటికి కింద వెనక కటకటాలు తీస్తూ ఉంది."

"ఆళ్ళే ఎక్కొచ్చి తీసారా?"

"వాళ్ళే."

ఆర్థర్ తల ఊపాడు. "కర్మ. ఇంకో అయిదు నిమిషాలు వేలాడుంటే ఎల్లిపోయుండును." ముఖం తుండుగుడ్డతో తుడుచుకుని సత్యశ్రీ వైపు తిరిగాడు. "నువ్వేటి సేస్తావులే తల్లీ. తుపాకులు."

"అమ్మ తీసింది," అంది సిరి.

"సిరీ," అన్నాడు ఢిల్లేశ్వరరావు.

"పది నిమిషాలు తీయొద్దంది సయామా. నాలుగు నిమిషాలకి అమ్మ తీసింది. వాళ్ళు పైకి రాలేదు. అమ్మే క్లిప్పులు తీసి మడత పెట్టింది."

సత్యశ్రీ చెయ్యి లేచింది. సిరి చెంప మీద పడింది. పిల్ల ఏడవలేదు, చెంప పట్టుకోలేదు, ఆర్థర్‌నే చూస్తోంది.

ఆర్థర్ నిలబడ్డాడు. చాలాసేపు సత్యశ్రీ చేతుల వంక చూశాడు. అరుస్తాడని ఢిల్లేశ్వరరావు తలుపు వైపు జరిగాడు, అరుపు బయటికి వినపడకుండా మూద్దామని.

"ఏటమ్మా," అన్నాడు ఆర్థర్, "నాలుగు నిమిషాలు ఆగిందానివి, ఇంకో ఆరు ఆగలేకపోనావా."

"సిరి కాగితం ఆయన చేతిలో ఉంది," అంది సత్యశ్రీ. తన గొంతు తనకే మొండిగా వినపడింది. "మీరైతే ఏం చేసేవారు?"

ఆర్థర్ ఆ ప్రశ్న నిజంగానే ఆలోచించాడు. అది ఆమెకు తిట్టు కంటే ఎక్కువ తగిలింది.

"నానైతే పిల్లనెత్తుకుని కూకునుందును," అన్నాడు. ఎండుచేపల పొట్లం ఆమె చేతిలోంచి తీసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాటికి ఇంట్లో కూరలైపోయాయి. పాలూ అయిపోయాయి. సత్యశ్రీ సిరి చెయ్యి పట్టుకుని సంచి పుచ్చుకుని కిందికి దిగింది. కూరలబండివాడు ఆమెను చూసి బండి తోసుకుని ముందుకెళ్ళిపోయాడు. కోడిగుడ్ల కొట్టులో ఎదురుగా గుడ్లు పేర్చి ఉన్నాయి. కొట్టామె బర్మాలో ఒక్క మాట అంది, లేవు అని. సైన్యానికి సాయం చేసినవాళ్ళకు ఆ ఊరు వేసే శిక్ష ఇది. కొట్టరు, తిట్టరు. అమ్మరు. వీధి అంతా ఆ రోజు ఆమె రెండు చేతుల్నీ చూసింది. ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు.

చిన్నతల్లి వాకిట్లో పొయ్యి మీద మొహింగా ఉడుకుతోంది. కుడిచేతికి గుడ్డలు చుట్టి మెడకు కట్టుకుంది. సత్యశ్రీ దగ్గరికి రాగానే ఎడంచేత్తో డేగిసా మీద మూత పెట్టింది.

"మూడు గిన్నెలు చిన్నతల్లీ."

"అయిపోనాది మేష్టరమ్మా."

"ఉడుకుతోంది కదా."

"ఉడుకుతాంది. నీకు అయిపోనాది." చిన్నతల్లి మూత మీదినుంచి చెయ్యి తీయలేదు. "పద్నాలుగున ఇమానమంట కదా. ఇమానంలో ఎడతారు, తిను."

"పిల్ల పొద్దున్నుంచి ఏమీ తినలేదు. దానికైనా పెట్టు."

చిన్నతల్లి సిరి వంక చూసింది. ఎర్రగా వాచిన చెంప చూసింది. పక్కన ఉన్న పొట్టి స్టూలు కాలితో ముందుకు తోసింది.

"రా గుంటా. కూకో."

సిరి తల్లి చెయ్యి వదిలించుకుని కూర్చుంది. చిన్నతల్లి ఎడంచేత్తో కష్టపడి సేమ్యా వేసి పులుసు పోసింది, సగం నేల మీద ఒలికింది. వెంటనే మూత పెట్టేసింది. సిరి గిన్నె ఒళ్ళో పెట్టుకుని వంచిన తల ఎత్తకుండా తింటోంది. సత్యశ్రీ అక్కడే నిలబడింది. పక్క బల్ల మీద కూర్చున్న రేవు కూలీలు ఇద్దరు గిన్నెలు ఎత్తుకుని ఇంకో వైపు జరిగారు.

పై నుంచి ఢిల్లేశ్వరరావు వరండాలో నిలబడి అడిగాడు. "ఏటైంది, ఏమైనా దొరికిందా?"

సిరి గిన్నె ఖాళీ చేసి, నీళ్ళ బక్కెట్లో కడిగి, బోర్లించి పెట్టింది.

"పద, పైకి పోదాం," అంది సత్యశ్రీ.

సిరి లేవలేదు. చిన్నతల్లి ముందున్న ఉల్లిపాయల బుట్ట తన వైపు లాక్కుని, పొట్టు తీయడం మొదలుపెట్టింది.

"నువ్వు పో," అంది.